ఎంజీబీకి పెద్ద గొట్టం వేయించాలా?

ప్రశ్న: మేము ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో ఉంటాం. రెండేళ్ల క్రితం 1970 మోడల్ ఎంజీబీ రోడ్‌స్టర్ (టాప్ తీసేసి తిరిగే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) కొన్నాను. ఓవర్‌డ్రైవ్ (వేగంలో ఇంజిన్ తక్కువ తిరిగేలా చేసే అదనపు గేరు) ఉన్న బండి. ఆదివారాల్లో, ఎండ కాస్తే మాత్రమే బయటికి తీస్తాను. ఇప్పుడు సైలెన్సర్ తుప్పు పట్టి చిల్లు పడింది. ఒక వర్క్‌షాప్ వాళ్లు పాత ఇనుప మ్యానిఫోల్డ్ (ఇంజిన్ పొగను కూడగట్టి కింది గొట్టంలోకి పంపే భాగం) తీసేసి, దాని బదులు పల్చటి గొట్టాలతో చేసిన ట్యూబులర్ హెడర్ పెడతామని, అక్కడి నుంచి రెండున్నర అంగుళాల స్టెయిన్‌లెస్ స్ట్రెయిట్ పైపు వేస్తామని, పవర్ బాగా పెరుగుతుందని అంటున్నారు. 1400 పౌండ్లు అడిగారు. వీధిలో వాళ్లు ఏమంటారో అని మా ఆవిడకు టెన్షన్. నిజంగా పికప్ పెరుగుతుందా? హెడర్‌కు హీట్ ర్యాప్ (వేడి ఆపే గుడ్డ) చుట్టించాలా? ఈ పని నేనే చేసుకోగలనా? చిన్నప్పుడు కాకినాడలో నాన్నగారి అంబాసిడర్ కింద స్పానర్లు అందించడం తప్ప నాకు వేరే అనుభవం లేదు.

సమాధానం: ఆ 1400 పౌండ్లు ప్రస్తుతానికి బ్యాంకులోనే ఉండనివ్వండి. మీ బండికి కొత్త సైలెన్సర్ కావాలి, అందులో సందేహం లేదు. రెండున్నర అంగుళాల గొట్టం మాత్రం అక్కర్లేదు. హెడర్ ఇప్పుడే అక్కర్లేదు. ర్యాప్ అసలే వద్దు.

అంబాసిడర్ సంగతి మీరు ఏదో మొహమాటంగా రాశారు గానీ, అది పనికొచ్చే అనుభవమే. పెట్రోలు అంబాసిడర్‌లో చాలా ఏళ్లపాటు వచ్చింది 1489 సీసీ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) బీ-సిరీస్ ఇంజిన్. మీ ఎంజీబీలో ఉన్నదీ బీ-సిరీసే, 1798 సీసీకి పెంచినది. రెండూ దాయాదులు. సిలిండర్ల మీద మూతలా కూర్చునే హెడ్డు తీరు ఒకటే, టాపెట్లు (వాల్వుల దగ్గర వదిలే సన్నటి ఖాళీ) సెట్ చేసే పద్ధతి ఒకటే, పక్కన మ్యానిఫోల్డ్ కూర్చునే విధానం ఒకటే. కాకినాడలోనో రాజమండ్రిలోనో అంబాసిడర్ హెడ్డు విప్పిన పాతకాలపు మేస్త్రీని తీసుకొచ్చి మీ బానెట్ ఎత్తి చూపిస్తే, రెండు కార్బొరేటర్లు చూసి ఒక్క క్షణం ఆగుతాడేమో గానీ, మిగతాదంతా తెలిసిన ఇల్లే. (ఇండియాలో చుట్టాలు ‘ఎంజీ అంటే హెక్టరా?’ అని అడుగుతూనే ఉంటారనుకుంటాను. ఎనిమిది మూలల బ్యాడ్జ్ తప్ప ఆ రెండు బండ్లకూ ఏ పోలికా లేదని చెప్పి ఊరుకోండి.)

ఈ ఇంజిన్ హెడ్డులో ఒక విశేషం ఉంది. మీ ప్రశ్నకు జవాబు మొత్తం అక్కడే ఉంది. నాలుగు సిలిండర్లు ఉన్నాయి కదా, పొగ బయటికి వెళ్లే దారులు మాత్రం మూడే. ఒకటో సిలిండర్‌కు ఒక దారి, నాలుగో సిలిండర్‌కు ఒక దారి. మధ్యలో ఉన్న రెండో, మూడో సిలిండర్లు రెండూ ఒకే దారిలోంచి పొగ వదలాలి. గాలి, పెట్రోలు లోపలికి వచ్చే దారులైతే ఇంకా తక్కువ, రెండే. రెండేసి సిలిండర్లకు ఒక్కో దారి. అందుకే దీన్ని ఐదు పోర్టుల హెడ్డు అంటారు. ఇంజిన్ ఊపిరికి అసలు అడ్డు ఇక్కడ ఉంది. ఆ పోర్టుల్లో, వాల్వుల చుట్టూ ఉన్న ఇరుకు పోనంతవరకూ కింద ఎంత లావు గొట్టం తగిలించినా పై నుంచి వచ్చే పొగ అంతే వస్తుంది.

కొత్తలో ఈ ఇంజిన్ ఇచ్చేది 5400 ఆర్‌పీఎం దగ్గర 95 హార్స్‌పవర్. ఇంజిన్‌లో వేరే ఏమీ ముట్టుకోకుండా హెడర్, మంచి పైపు రెండూ వేస్తే వచ్చే లాభం చేతి వేళ్ల మీద లెక్కపెట్టేంతే. అది కూడా దాదాపు అంతా 4000 ఆర్‌పీఎం దాటాక వస్తుంది. మీరు ఆదివారం పూట పల్లెదారుల్లో తిప్పే బండి ఎక్కువసేపు ఉండేది 2000 నుంచి 3500 మధ్యలో. అక్కడ తేడా తెలియాలంటే చాలా కష్టం. శబ్దం పెరుగుతుంది కాబట్టి వేగం పెరిగినట్టు అనిపిస్తుంది. ఈ అనిపించడాన్నే చాలామంది పికప్ అనుకుంటారు.

ఇక రెండున్నర అంగుళాల గొట్టం. ఈ బండికి నప్పే పైపు లోపలి కొలత ఒకటిన్నర నుంచి రెండు అంగుళాల మధ్యలో ఉంటుంది. పావు తక్కువ రెండు అంగుళాలు, అంటే 1.75, చాలామందికి సరిపోయే కొలత. దాని బదులు 2.5 వేస్తే గొట్టం అడ్డుకోత వైశాల్యం రెట్టింపు అవుతుంది. పొగ పరిమాణం అంతే ఉంది, దారి రెట్టింపు అయింది, కాబట్టి పొగ వేగం సగానికి పడిపోతుంది. దీనివల్ల నష్టమేమిటి అంటారా? ఒక సిలిండర్ నుంచి వేడి పొగ జోరుగా పరిగెత్తినప్పుడు దాని వెనక కొద్దిగా ఒత్తిడి తగ్గుతుంది. ఎగ్జాస్ట్ వాల్వ్ మూసుకోబోతూ, ఇన్‌లెట్ వాల్వ్ తెరుచుకుంటూ ఉండే కొద్ది క్షణంలో ఆ తగ్గిన ఒత్తిడి సిలిండర్‌లో మిగిలిన పొగను లాగేసి, కొత్త మిక్స్చర్‌కు (గాలి, పెట్రోలు కలిసిన మిశ్రమానికి) చోటు చేస్తుంది. పొగ నింపాదిగా కదిలితే ఈ లాగుడు బలహీనపడుతుంది. ఫలితం, సిగ్నల్ దగ్గర బండి కదిలేటప్పుడు, గుట్ట ఎక్కేటప్పుడు మీకు కావలసిన పికప్పే తగ్గుతుంది.

ఇక్కడే ఇంకో మాట వినిపిస్తుంటుంది: ‘ఇంజిన్‌కు కొంచెం బ్యాక్ ప్రెషర్ ఉండాలి, లేకపోతే పవర్ పోతుంది’ అని. గ్యారేజీల్లో, క్లబ్బుల్లో పెద్దమనుషులు కూడా ఇదే చెబుతారు. బ్యాక్ ప్రెషర్ ఏ ఇంజిన్‌కూ మంచి చేయదు. లావు గొట్టం వేస్తే పోయేది పొగ వేగం, అదే నష్టం. ఈ తేడా తెలిస్తే గొట్టాన్ని ఎందుకు మరీ సన్నగా ఉంచకూడదో, ఎందుకు మరీ లావు చేయకూడదో రెండూ అర్థమవుతాయి.

పాత ఇనుప మ్యానిఫోల్డ్‌ను తీసేయమన్నారు కదా, దాని తరఫున కాస్త గట్టిగా మాట్లాడాలి. ఎంజీబీ పోత ఇనుప మ్యానిఫోల్డ్ చూడటానికి మొద్దుగా ఉంటుంది గానీ, గీసినవాళ్లు ఆలోచించి గీశారు. అందులోంచి ఒకే గొట్టం కాకుండా రెండు గొట్టాలు పక్కపక్కన కిందికి దిగి, కొంత దూరం వెళ్లాక కలుస్తాయి. ఈ ఇంజిన్ ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లు పేలే వరస, 1-3-4-2. కాగితం మీద రాసుకుని చూడండి. మధ్య దారిని పంచుకునే మూడో, రెండో సిలిండర్ల వంతు ఒకటి విడిచి ఒకటి వస్తుంది. బయట ఉన్న ఒకటి, నాలుగు కూడా అంతే. ఒక జంటలో ఒకటి పొగ వదిలాక, దాని జోడీ వదలడానికి క్రాంక్ (ఇంజిన్ ప్రధాన ఇరుసు) సరిగ్గా ఒక చుట్టు తిరగాలి. అంటే ఒకరి పొగ ఒకరికి అడ్డం రాదు. ట్యూబులర్ హెడర్‌లో మధ్య గొట్టాన్ని పొడుగ్గా తీసుకెళ్లి ఆఖర్న కలపడం వెనక ఉన్న సూత్రం కూడా ఇదే. ఆ పనిలో చాలా భాగం మీ ఇనుప ముద్ద ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పటి నుంచీ చేస్తూనే ఉంది.

హెడర్ పెడితే వచ్చే ఇబ్బందులు కూడా మీ వర్క్‌షాప్ వాళ్లు చెప్పలేదు. పల్చటి గొట్టాల నుంచి బానెట్ కింద వేడి ఎక్కువగా బయటికి వస్తుంది. మీ బండిలో రెండు ఎస్‌యూ కార్బొరేటర్లూ సరిగ్గా మ్యానిఫోల్డ్ మీదే కూర్చుని ఉంటాయి. మధ్యలో ఒక హీట్ షీల్డ్ రేకు మాత్రమే అడ్డం. ఎండాకాలం పెట్రోలు బంకు దగ్గర ఆపి, పది నిమిషాల తర్వాత మళ్లీ స్టార్ట్ చేయబోతే ఫ్లోట్ గిన్నెల్లో పెట్రోలు మరిగి బండి మొరాయిస్తుంది. ఆ రేకు మీద ఉండే ఇన్సులేషన్ ప్యాడ్ మీ బండిలో ఉందో, ఊడిపోయిందో ఇప్పుడే చూడండి. చాలా బండ్లలో ఉండదు.

రెండో ఇబ్బంది చిన్నదిగా కనిపిస్తుంది గానీ అదే ఎక్కువ ఏడిపిస్తుంది. ఈ ఇంజిన్‌లో ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్‌లు రెండూ ఒకే గ్యాస్కెట్ మీద, పక్కపక్కన బిగుసుకుంటాయి. కొన్ని స్టడ్ల (హెడ్డులో బిగించిన, తల లేని బోల్టుల) మీద ఒకే మందపాటి వాషర్ సగం ఇన్‌లెట్ అంచును, సగం ఎగ్జాస్ట్ అంచును నొక్కి పట్టుకుంటుంది. బయట కొన్న హెడర్ అంచు మందం మీ ఇన్‌లెట్ అంచు మందంతో కలవకపోతే వాషర్ ఒక పక్కకు వాలిపోతుంది. అప్పుడు మందంగా ఉన్న వైపు గట్టిగా బిగుస్తుంది, పల్చటి వైపు వదులుగా ఉంటుంది. అది ఎగ్జాస్ట్ వైపైతే టిక్ టిక్ అని పొగ లీకు. ఇన్‌లెట్ వైపైతే గాలి లీకై ఐడిల్ నిలవదు. గ్యాస్కెట్లు మారుస్తూ పోతారు గానీ జబ్బు వాషర్ దగ్గర ఉందని తోచదు. ఎప్పుడైనా హెడర్ పెట్టినా, బిగించే ముందు రెండు అంచుల మందం వెర్నియర్‌తో కొలిచి, తేడా ఉంటే మెషినింగ్ చేయించండి. ఇవి కాక హెడర్ గొట్టాలు చాలావరకు పాతదానికంటే కిందికి వేలాడతాయి. మీ బండి అసలే నేలను రాసుకుని వెళ్తుంది, మీ ఊళ్లో స్పీడ్ బ్రేకర్లకు లోటు ఉందనుకోను.

కాబట్టి ఇనుప మ్యానిఫోల్డ్ అలాగే ఉంచి, కింద గొట్టాలూ సైలెన్సర్లూ మాత్రమే మార్చండి. ఎంజీబీలు 1962 నుంచి 1980 దాకా ఐదు లక్షలకు పైగా తయారయ్యాయి కాబట్టి రెడీమేడ్ సెట్లకు కొదవ లేదు. ప్రత్యేకంగా చేయించాల్సిన పని లేదు, ఖర్చు కూడా వాళ్లు చెప్పిన దానికి దరిదాపుల్లో ఉండదు.

స్టెయిన్‌లెస్ తీసుకోండి. అందం కోసం చెప్పడం లేదు. మీరు బండి వాడే తీరును బట్టి చెబుతున్నాను. ఒక లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీళ్లు ఆవిరిగా పుడతాయి. బండి గంటసేపు వేడిగా నడిస్తే ఆ ఆవిరి అంతా వెనక నుంచి బయటికి పోతుంది. పాలకోసం వెళ్లి వచ్చినట్టు నాలుగు మైళ్లు తిప్పి గ్యారేజీలో పెట్టేస్తే, చల్లగా ఉన్న వెనక సైలెన్సర్‌లో నీళ్లయి నిలబడుతుంది. మామూలు ఉక్కు సైలెన్సర్‌ను లోపలి నుంచి తినేసేది ఆ నీళ్లే. రోజూ తిరిగే బండి సైలెన్సర్ కంటే ఆదివారం బండి సైలెన్సర్ ముందే పోవడానికి కారణం ఇది. చలికాలంలో స్టార్ట్ చేసి, కదలకుండా ఐదు నిమిషాలు ఇంజిన్ తిప్పి ఆపేసే అలవాటు ఉంటే మానేయండి. దానంత చేటు ఇంకోటి లేదు.

స్టెయిన్‌లెస్‌లో రెండు రకాలు దొరుకుతాయి. 304 రకంలో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి, అది దశాబ్దాలు మన్నుతుంది. 409 రకంలో క్రోమియం 11 శాతం దగ్గర ఉంటుంది, నికెల్ దాదాపు ఉండదు. అది చౌక, పైన ఎర్రటి తుప్పు పొర కనిపిస్తుంది గానీ మామూలు ఉక్కు కంటే చాలా నయం. కొనేటప్పుడు ఫ్రిజ్ మీద ఉండే అయస్కాంతం జేబులో వేసుకెళ్లండి. 409కి గట్టిగా అంటుకుంటుంది, 304కి అంటుకోదు, వంపులు తిప్పిన చోట కొద్దిగా లాగితే లాగొచ్చు. పైన మెరుగు పెట్టిన గొట్టాన్ని చూసి మాత్రం మోసపోకండి. గొట్టం 304 అయి, సైలెన్సర్ లోపలి రేకులు వేరే లోహంతో చేసిన సెట్లు కూడా ఉంటాయి. లోపల ఏముందో అమ్మేవాళ్లను అడిగి, రసీదు మీద రాయించుకోండి.

ఒకటి ముందే తెలుసుకోండి, స్టెయిన్‌లెస్ గొట్టం గొంతు కాస్త గరగరగా, పైస్థాయిలో ఉంటుంది. 304 రకమైతే వేడికి మామూలు ఉక్కు కంటే ఎక్కువ సాగుతుంది కూడా. బిగించేటప్పుడు చుట్టూ ఖాళీ ఎక్కువ వదలాలని చెప్పడం అందుకే.

ఇక మీ ఆవిడ టెన్షన్. ఆవిడ వైపే న్యాయం ఉంది, చట్టం కూడా ఆవిడ వైపే ఉంది. బ్రిటన్‌లో 1986 నాటి కన్‌స్ట్రక్షన్ అండ్ యూజ్ నిబంధనల ప్రకారం రోడ్డు మీద తిరిగే బండికి సైలెన్సర్ ఉండాలి, అది బాగా పనిచేస్తూ ఉండాలి, శబ్దం పెరిగేలా దాన్ని మార్చకూడదు. నలభై ఏళ్లు దాటిన బండ్లకు 2018 మే నుంచి ఎంఓటీ (ఏటా చేయించే ఫిట్‌నెస్ పరీక్ష) తప్పనిసరి కాదు గానీ, ఆ మినహాయింపు పరీక్షకే. రోడ్డు మీద పోలీసు ఆపితే బండి వయసు చూసి వదిలేయరు. సైలెన్సర్ లేని స్ట్రెయిట్ పైపు అంటే మీరే పిలిచి సమన్లు తెచ్చుకోవడం. పైపు మార్చినందుకు బండికి ఉన్న చారిత్రక హోదా పోదులెండి, ఆ భయం వద్దు. ఇన్సూరెన్స్ కంపెనీకి మాత్రం ముందే ఒక ఈమెయిల్ పెట్టండి. ఒరిజినల్‌కు భిన్నంగా ఏది వేసినా వాళ్లకు చెప్పాలి.

శబ్దం విషయంలో ఇంకో సంగతి ఉంది, దాన్ని కొనేముందు ఎవరూ చెప్పరు, కొన్నాక అందరూ తిట్టుకుంటారు. బూమింగ్. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో ఒక్కో చుట్టుకు రెండుసార్లు పేలుడు జరుగుతుంది. మీ బండి ఓవర్‌డ్రైవ్‌లో గంటకు 70 మైళ్లు వెళ్తున్నప్పుడు ఇంజిన్ దాదాపు 3200 ఆర్‌పీఎం తిరుగుతుంది. అంటే సెకనుకు సుమారు 107 పేలుళ్లు. చెవికి అది ‘బూ...’ అనే మంద్ర శబ్దం. టాప్ వేసి ఉన్న చిన్న క్యాబిన్‌లో ఆ శబ్దం లోపలే తిరుగుతుంది. ఊళ్లో ఐదు నిమిషాలు విన్నప్పుడు హాయిగా అనిపించిన పైపు, బ్రిస్టల్ దాకా మోటార్‌వే మీద వెళ్లేసరికి తలనొప్పి తెప్పిస్తుంది. పక్కన కూర్చున్నవాళ్లతో మాట్లాడాలంటే అరవాలి.

స్పోర్ట్స్ సెట్లలో చాలావరకు మధ్య సైలెన్సర్ తీసేసి, వెనక ఒక్కటే పెడతారు. నా మాట వింటే మీరు రెండు డబ్బాలున్న సెట్టే తీసుకోండి. మధ్య డబ్బా ఈ మంద్ర శబ్దాన్ని చాలావరకు మింగేస్తుంది. దానివల్ల పోయే హార్స్‌పవర్ మీకు తెలియను కూడా తెలియదు. కొందరు ఒక డబ్బాతో వేయించుకుని, తర్వాత బూమింగ్ తగ్గించడానికి పక్కకు మూసిన గొట్టం ఒకటి అతికిస్తారు. ఈ స్థాయి శబ్దాన్ని పట్టాలంటే ఆ గొట్టం ఒక మీటరుకు పైగా పొడవుండాలి, ఎంజీబీ కింద అంత చోటు ఎక్కడిది?

డబ్బా లోపల కూడా రెండు తీరులు. ఒకదాంట్లో చిల్లుల గొట్టం చుట్టూ స్టీలు పీచో, గాజు పీచో కూరి ఉంటుంది, పొగ తిన్నగా పోతుంది. ఇంకోదాంట్లో గదులు గదులుగా రేకులుంటాయి, పొగ తిరుగుతూ పోతుంది. పీచు రకం కొత్తలో మెత్తగా పలుకుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ పీచు కాలి, ఊడి, గొంతు పెద్దదవుతుంది. మధ్యలో పీచు రకం, వెనక గదుల రకం అయితే మీకు కావలసిన బొంగురు గొంతూ ఉంటుంది, వీధిలో వాళ్ల నిద్రా పాడవదు.

హీట్ ర్యాప్ గురించి అడిగారు. ఇనుప మ్యానిఫోల్డ్‌కు దాని అవసరం లేదు. ఎప్పుడైనా హెడర్ పెట్టినా వద్దంటాను. ఆదివారం బండికి చుట్టిన గుడ్డ చెమ్మను పట్టి ఉంచి గొట్టాన్ని తుప్పు పట్టిస్తుంది, మరీ వేడెక్కిన చోట పగుళ్లు కూడా తెప్పిస్తుంది. అంతగా వేడి తగ్గించాలంటే సిరామిక్ కోటింగ్ చేయించుకోవచ్చు, అది ఖర్చయినా శుభ్రమైన పని.

మీరే బిగించుకోగలరా అంటే, గొట్టం సెట్ వరకు నిస్సందేహంగా. మ్యానిఫోల్డ్ కదపకపోతే హెడ్డులోని స్టడ్ల జోలికి వెళ్లక్కర్లేదు. కష్టపెట్టేది ఒక్కటే, మ్యానిఫోల్డ్ కింద రెండు గొట్టాలను పట్టుకుని ఉండే నట్లు. ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టి వదిలేయండి, మర్నాడు మళ్లీ కొట్టండి. స్పానర్‌తో ఒక్కసారిగా విప్పాలని చూడకండి. కొంచెం బిగించి, కొంచెం వదిలి, ముందుకూ వెనక్కూ ఆడిస్తే స్టడ్డు విరగకుండా వస్తుంది. మొండికేస్తే ఆపేసి మెకానిక్‌ను పిలవండి. పైన రెండు కార్బొరేటర్ల నిండా పెట్రోలు ఉండగా కింద గ్యాస్ మంట పెట్టడం ఇంట్లో చేసే పని కాదు. తిరిగి బిగించేటప్పుడు కొత్త ఇత్తడి నట్లు వాడండి. ఇత్తడి స్టడ్డుకు పట్టేయదు కాబట్టి ఈసారి విప్పేవాళ్లు మిమ్మల్ని తిట్టుకోరు.

పాత గొట్టం మళ్లీ వాడేది కాదు కదా, దాన్ని పూర్తిగా బయటికి లాగాలని కుస్తీ పట్టకండి. హ్యాక్‌సా బ్లేడుతో కోసి ముక్కలుగా తీయండి. గ్రైండర్ వాడితే నిప్పురవ్వలు పెట్రోలు గొట్టం వైపు పోకుండా చూసుకోవాలి. బండి కిందికి వెళ్లే ముందు యాక్సిల్ స్టాండ్లు తప్పనిసరి. జాకీ ఒక్కటే నమ్ముకుని కింద పడుకోవడం కాకినాడలోనైనా రెడింగ్‌లోనైనా ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

కొత్త సెట్ బిగించేటప్పుడు అందరూ చేసే పొరపాటు, మొదటే వెనకవైపు హ్యాంగర్ (గొట్టాన్ని వేలాడదీసే పట్టు) బిగించేసి తర్వాత మిగతావి లాగి కలపడం. అలా చేస్తే గొట్టం మీద ఎప్పుడూ ఒత్తిడి ఉంటుంది, రబ్బర్లు ముక్కలవుతాయి, ఇంజిన్ అదురు నేరుగా బాడీలోకి వస్తుంది. ముందు అన్నీ వదులుగా తగిలించండి. మ్యానిఫోల్డ్ దగ్గర మొదలుపెట్టి వెనక్కి బిగించుకుంటూ రండి. క్లాంపులు ఆఖరున. ఎక్కడా గొట్టం హ్యాండ్‌బ్రేక్ కేబుల్‌కు గానీ, పెట్రోలు, బ్రేక్ పైపులకు గానీ, ఫ్లోర్‌కు గానీ అంగుళం కంటే దగ్గర ఉండకూడదు. హ్యాంగర్ రబ్బర్లన్నీ కొత్తవి వేయండి, ఇంజిన్ మౌంటింగులు సాగిపోయాయేమో కూడా అప్పుడే చూడండి. గడగడ చప్పుడుకు సైలెన్సర్‌ను తిట్టేవాళ్లలో సగంమందికి అసలు జబ్బు మౌంటింగ్‌లో ఉంటుంది.

వెనక చివర గొట్టం బంపర్ దాటి బయటికి రావాలి. ఇది అలంకారం కాదు. రోడ్‌స్టర్ కదులుతున్నప్పుడు దాని వెనక గాలి ఒత్తిడి తగ్గి, పొగ తిరిగి బండి వైపే లాక్కుంటుంది. టాప్ వేసి ఉన్నప్పుడు వెనక కిటికీ సందుల్లోంచి, బూట్ ఫ్లోర్‌లో రబ్బరు మూతలు ఊడిన చిల్లుల్లోంచి లోపలికి వస్తుంది. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. దూరం వెళ్తే తలపోటు వస్తోందంటే పెట్రోలు వాసన వల్ల అనుకోకండి. బూట్‌లో కార్పెట్ ఎత్తి, టార్చి లైటు వేసి, ప్రతి చిల్లూ మూయండి. ఇప్పుడు సైలెన్సర్‌కు చిల్లు ఉంది కాబట్టి, అది మార్చేదాకా టాప్ వేసుకుని దూరం వెళ్లకండి.

బిగించాక చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి, ఎవరినైనా వెనక గొట్టానికి తడిగుడ్డ క్షణంసేపు అడ్డం పెట్టమనండి. ఎక్కడైనా సందు ఉంటే అక్కడ బుస్సుమంటుంది. యాక్సిలేటర్ వదిలినప్పుడు వెనక టపటప పేలితే కొందరు స్పోర్ట్స్ కారు లక్షణమని మురిసిపోతారు. చాలాసార్లు అది జాయింట్ దగ్గర గాలి లోపలికి పోతోందనో, మిక్స్చర్ పల్చగా ఉందనో చెప్పే గుర్తు.

మిక్స్చర్ సంగతి వదిలేయకండి. పైపు మారిస్తే కొద్దిగా మారుతుంది. దానికి తోడు బ్రిటన్‌లో 2021 సెప్టెంబరు నుంచి మామూలు పెట్రోలు ఈ10 (పది శాతం దాకా ఇథనాల్ కలిసినది) అయింది. ఇథనాల్ ఎక్కువైతే మిక్స్చర్ పల్చబడుతుంది, పాత రబ్బరు గొట్టాలు కూడా పాడవుతాయి. మీ బండికి ఈ5 ఉండే సూపర్ పెట్రోలే పోయండి. ఎస్‌యూ కార్బొరేటర్‌కు కింద పక్కన ఒక చిన్న పిన్ను ఉంటుంది. ఇంజిన్ వేడిగా, ఐడిల్‌లో ఉన్నప్పుడు దాన్ని నెమ్మదిగా పైకి నెట్టి, లోపలి పిస్టన్‌ను మిల్లీమీటరు కన్నా తక్కువ ఎత్తండి. ఆర్‌పీఎం పెరిగి అలాగే ఉండిపోతే మిక్స్చర్ చిక్కన. పడిపోతే పల్చన. కొంచెం పెరిగి మళ్లీ మామూలుకు వస్తే సరిపోయింది. రెండు కార్బొరేటర్లకూ విడివిడిగా చూడాలి. దానికి ముందు టాపెట్లు చూడండి. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు గ్యాప్ 15 థౌ, అంటే అంగుళంలో వెయ్యో వంతులు పదిహేను. ఎగ్జాస్ట్ టాపెట్ల గ్యాప్ మాటిమాటికీ తగ్గిపోతుంటే, సీసం లేని పెట్రోలుకు వాల్వ్ సీట్లు అరిగి హెడ్డులోకి దిగుతున్నాయన్న మాట. అలాంటప్పుడు ఏ పైపు వేసినా ఉపయోగం లేదు, గట్టి సీట్లు వేయించాలి.

నిజంగా పికప్ కావాలనే ఉంటే మిగిలిన డబ్బు అక్కడే పెట్టండి. గట్టి సీట్లు ఎలాగూ వేయించాల్సి వస్తే, అదే చేత్తో పోర్టులు సాఫు చేయించి, వాల్వుల చుట్టూ సరిచేయించండి. అలా పనిచేసిన హెడ్డు మీద అప్పుడు హెడర్ గురించి ఆలోచిస్తే అర్థం ఉంటుంది. పైపు బిగించి వంద మైళ్లు తిరిగాక నట్లన్నీ ఒకసారి మళ్లీ బిగించి, నాలుగు సిలిండర్ల కంప్రెషన్ (లోపలి ఒత్తిడి) రీడింగులు తీయించండి. ఆ నాలుగు అంకెలూ, టాపెట్ గ్యాపులూ రాసి పంపితే, హెడ్డు విప్పాలా వద్దా అన్నది అప్పుడు చెబుతాను.